మంచు లెక్క, ఆవిరి లెక్క

కెమిస్ట్రీ సప్లిమెంటరీ పరీక్షలో మూడో ప్రశ్న కాగితం మీంచి దిగి నా బెంచీ మీద కూర్చుంటుంది. వంద గ్రాముల మంచుగడ్డ. నడినెత్తిన థర్మామీటరు గుచ్చుకుని ఉంది. ఈ హాల్లో లెక్కకు జవాబు రాస్తే ఒప్పుకోరు, చేసి చూపించాలి. గంట కొట్టేలోగా దీన్ని కరిగించాలి.

నా దగ్గర స్టవ్వు లేదు, అగ్గిపెట్టె లేదు. నోట్లో ప్రార్థన ఉంది గానీ దానికి కేలరీలు తక్కువ.

పక్క వరుసలో నా స్నేహితురాలు సబీహాకి ఆవిరి లెక్క వచ్చింది. పాముపిల్లంత ఆవిరి ఆమె బెంచీ మీద బుసకొడుతోంది. దాన్ని చల్లార్చి నీళ్లు చెయ్యాలి. ఇద్దరం కలిసి నర్సింగ్‌లో చేరాలని ఎనిమిదో తరగతి నుంచీ అనుకుంటున్నాం. ఎవరి లెక్క తేలకపోతే వాళ్లు ఇంట్లో ఉండిపోతారు. అది తలుచుకుంటేనే నాకు ఏడుపొస్తుంది.

మంచును అరచేతుల్లో పట్టుకుంటాను. నా వేడంతా తాగేసి కూడా అది అలిగిన ఆడపడుచులా బిగుసుకునే ఉంటుంది. నా గోళ్లు నీలంగా మారతాయి.

"మేడం, సబీహా దగ్గర వేడి తీసుకోవచ్చా?" అని ఇన్విజిలేటర్ కృపామణి గారిని అడుగుతాను.

ఆవిడ రూల్సన్నీ గుర్తు చేసుకుంటారు. "చిట్టీ ఇచ్చుకుంటే డిబార్ చేస్తానమ్మా. వేడి ఇచ్చుకుంటే ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు. కానివ్వండి."

సబీహా ఒక చెయ్యి ఆవిరిలో ముంచి, రెండోది నాకు చాపుతుంది. అందదు. మధ్యలోని నడవ మర్యాదగా సన్నబడుతుంది. ఆమె చేతిలోంచి వేడి నా భుజాలు దాటి మంచులోకి వెళుతుంది.

థర్మామీటరు మాత్రం సున్నా దగ్గరే ఉంది. ఎంతసేపు చూసినా కదలదు. ఇంత వేడీ గంగలో కలిసిపోయిందనుకుని చెయ్యి లాక్కోబోతాను.

"వదలకే పిచ్చిమొహమా! మొత్తం కరిగేదాకా అది కదలదు. మనమిచ్చిందంతా లోపల దాచుకుంటోంది," అంటుంది సబీహా.

వదలను. ఆఖరి మంచుపలుకు నీరవుతుంది, పాదరసం ఒక గీత లేస్తుంది. అటు ఆవిరి కూడా బుస మాని నీళ్లయిపోతుంది. ఆనందం పట్టలేక గట్టిగా అరుస్తాను. కృపామణి గారు రెండు నీళ్లనూ కలిపి త్రాసులో తూస్తారు. ఒక్క గ్రాము కూడా పోలేదని ఇద్దరికీ పూర్తి మార్కులు వేస్తారు.

త్రాసులోని నీళ్లు లేచి నిలబడతాయి. ముక్కు నాది, బుగ్గన సొట్ట సబీహాది. ఆ నీళ్లపిల్ల జడ పిండుకుని, మా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని, చెయ్యెత్తుతుంది.

"అడిషనల్ షీట్ ఇవ్వండి మేడం," అంటుంది. "నర్సింగ్ హాస్టల్లో మా ముగ్గురికీ ఒకే గది కావాలని రాయాలి."