శశికళ మాన్యువల్‌లో పెట్టిన పది నిమిషాలు

పేరేసంద్ర నుంచి చింతామణి దాకా ఎవరింట్లో పాలు కాగుతున్నా, ఆ చప్పుడు విని ఎన్ని డిగ్రీలో చెప్పేయగలను నేను. అంతటివాడికి, ఆ పొద్దున పాలగిన్నె ముందు మా కోడలు శశికళ పాలు పొంగుతున్నా కదలకుండా ఎందుకు నిలబడిందో మాత్రం తెలియలేదు.

మంచేనహళ్ళి పక్కన ఒక పాలడైరీలో, కంట్రోల్ రూములో ఆమె పని. పాలు డెబ్బై రెండు డిగ్రీలకు తగ్గకూడదు. వేడి తగ్గితే కంట్రోలరు ఆవిరి వాల్వును తెరుస్తుంది, ఎక్కువైతే మూస్తుంది. రెండు వారాలుగా తెరమీద వేడి గీత పైకీ కిందికీ ఊగుతోంది. ఇంజనీర్లు కంట్రోలరులో అంకెలు మార్చారు, ఊగడం ఆగలేదు.

"సీరియల్ చూసినట్ల తెర చూస్తా కూర్చుంటే పాలు కాగుతాయామ్మా?" అన్నాడు సూపర్‌వైజర్ గంగాధరప్ప, అందరూ నవ్వేలా. తప్పు ఆమెదేనని ఆమె పేరుమీద నోటీసు తయారవుతోంది.

కారణం ఆమెకు తెలుసు. భయమంతా అదే. తనిఖీకి వచ్చేవాళ్ళకు వాల్వు దగ్గర కారే ఆవిరి కనబడకూడదని గంగాధరప్పే స్పానరుతో నట్టు బిగించేశాడు. లోపలి కడ్డీ పట్టేసింది. కంట్రోలరు ఎంత తోసినా కదలదు, ఇంకా తోస్తే ఒక్కసారిగా ఎగురుతుంది. అందుకే వేడి అలా ఊగడం. ఇదంతా ఆమె నేర్పిందే నాకు. నేనా, జన్మకొక్కసారి పాలు కాచి గిన్నె మాడ్చినవాణ్ణి!

గంగాధరప్ప మాకు చుట్టం. "ఆయప్ప పెట్టిచ్చిన పని అది. నోరు తెరిచినావంటే రేపట్నుంచి ఇంట్లోనే ఉండు," అన్నాడు నా కొడుకు మంజునాథ, ఆమె కట్టిన అన్నం డబ్బా అందుకుంటూ. తను పొరబడివుంటే? అనుకుంది ఆమె. పొరబడకపోతే? ఆ రెండోదానికే ఎక్కువ భయపడింది.

"పో తల్లీ, ఉండేది ఉన్నట్ల చెప్పు," అన్నాను నేను.

డైరీలో శశికళ పాలు ఆపి, గొట్టాల్లో నీళ్ళు పారించి, మేనేజర్ మోహన్‌కుమార్ ఎదుట కంట్రోలరు తనంతట తాను వాల్వును కదపకుండా మాన్యువల్‌లో పెట్టి, వాల్వును ఒకేచోట నిలిపింది. పది నిమిషాలు అందరూ తెరనే చూశారు. ఊగే గీత చదునైంది. తర్వాత వాల్వును కొంచెం కొంచెంగా తెరవమని కంట్రోలరుకు ఆదేశమిచ్చింది. కడ్డీ కదల్లేదు. ఆరోసారికి ఎగిరిపడింది.

"ఎవరు బిగిచ్చినారు దీన్ని?" అన్నాడు మోహన్‌కుమార్, నట్టును చూసి.

గదినిండా మగవాళ్ళే. "గంగాధరప్ప మామ. నేను చూసినాను సార్."

లాగ్‌బుక్కులో అదే రాసి, కింద తన పేరు రాసింది.

"ఇంటికొస్తానులే, ఆడ మాట్లాడదాం," అన్నాడు గంగాధరప్ప, మెల్లగా. అప్పటినుంచీ మా వాకిలి ముందు బండి ఆగితే చాలు, ఆమె చేతిలో పని ఆగిపోతుంది. ఉద్యోగం మాత్రం మానలేదు.

ఇందులో ఒక్కటి నా కల్పన. ఆ పొద్దున నేను "పో తల్లీ" అనలేదు. "పెద్దోళ్ళతో మనకెందుకు, గమ్మునుండు," అన్నాను. "నా కాఫీ యాడ?" అని కూడా అన్నాను.