గాజుల చెయ్యి

చంద్రగిరి దారిలోని ఆ చిన్న మ్యూజియంలో నందినికి ఆ రోజే ఆఖరి అవకాశం. అక్కడున్న ఓ పాత చెక్కడపు రాయి కింది పేరు పలకను కాగితంతో మూసేసి, వచ్చినవాళ్లకు ఆ రాయిని చూపించి, నలుగురూ కలిసి ఆలోచించి మాట్లాడుకునేలా చెయ్యాలి. అదీ ఆమెకిచ్చిన పని. నెల కావస్తున్నా ఎవరూ నోరు విప్పలేదు. ఈరోజు కూడా ఇంతే అయితే మానుకోమని మ్యూజియం అధికారి గంగాధరం పొద్దున్నే చెప్పాడు. అంటే మళ్లీ రేణిగుంట గోదాములో అట్టపెట్టెలకు టేపు అంటించడమే.

మధ్యాహ్నం, కొండ దిగిన ఓ కుటుంబం లోపలికొచ్చింది. గుండ్ల మీద గంధం ఇంకా ఆరలేదు. నందిని వాళ్లను రాయి దగ్గరికి తీసుకెళ్లింది. దాని మీద చెక్కిన స్తంభంలోంచి పైకి లేచిన ఒంటి చెయ్యి, దాని నిండా గాజులు.

"ఇందులో మీకేం కనపడతా ఉండాది?" అడిగింది.

"నీకు తెలీకనే జీతం తీసుకుంటా ఉండావామ్మా?" అన్నాడు పెద్దాయన మునస్వామి. అందరూ నవ్వారు. అమ్మవారు అభయమిస్తోందని ఆయనే తేల్చేసి, చెప్పులు విడిచి చేతులు జోడించాడు. మిగతావాళ్లూ జోడించారు. దేవుడి ముందు ఇంకేం మాటలు?

ఆయన అక్క దేవకమ్మ మాత్రం దండం పెట్టలేదు. "అమ్మవారైతే మొగం యాడరా?" అంది.

అక్కడ మొదలైంది. పెళ్లికూతురి చెయ్యేమోనని కోడలు కోమలి అంది. ఆ చేతి పక్కనే చెక్కిన, గుర్రం మీద కత్తి పట్టుకున్న మగవాణ్ణి చూపించి, వీడు యుద్ధంలో పోయినట్టున్నాడన్నాడు మునస్వామి. మొగుడు పోతే గాజులెందుకుంటాయని కోమలి అడ్డుపడింది. స్తంభం కింద పూలలా చెక్కినవి పూలు కావు, మంటలని మునస్వామి వంగి చూసి చెప్పాడు.

"గాజులు తీయకముందే," అంది దేవకమ్మ. "వాటితోనే మంటల్లోకి పంపించినారు."

మొగుడు పోయినప్పటినుంచీ బోసిగా ఉన్న తన చేతిని ఆమె ఆ రాతి చేతి పక్కన పెట్టి చూసుకుంది.

"ఈమెని అడిగినారో లేదో."

సరిగ్గా అప్పుడే గంగాధరం గుమ్మంలోకి వచ్చాడు. ఉలుకూ పలుకూ లేని జనాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. వాళ్లు చెప్పులు తొడుక్కుని బస్సుకు వెళ్లిపోయారు.

"చూస్తివి గదా, ఒక్కరన్నా నోరు మెదపలేదు. రేపట్నుంచి రావద్దులేమ్మా. ఆ కాగితం పీకెయ్."

ఇంతసేపూ వాళ్లు మాట్లాడుకున్నారని నందిని చెప్పాలనుకుంది. కాగితాన్ని గోటితో గీరుతూ, "ఆమెని అడిగినారా సార్?" అంది.

"ఎవుర్ని?"

కాగితం కిందనుంచి అక్షరాలు బయటపడ్డాయి. సతి శిల. పేరు తెలియదు.