గొంతు నిలబడే చోటు

ఫాబ్రిసియో వచ్చీ రాగానే స్పీకర్ల వెనక దూరాడు. నూబియా పెట్టిన కాఫీ బల్ల మీదే చల్లారుతోంది. పాత ఆడియో సామాను కొని తన కొట్లో పెట్టి అమ్ముకునే మనిషి అతను.

"తీగలు చూస్తున్నా దోన్యా నూబియా. ముప్పై ఏళ్ళ సామాను కదా, తుప్పు పట్టి ఉంటుంది."

"తుప్పెందుకు పడుతుంది? వారం వారం నేనే తుడుస్తా."

"తుడవడం వేరు, వినడం వేరు అమ్మగారూ" అని నవ్వాడు. పక్కనే ఉన్న అర్సేసియో కూడా నవ్వాడు. భర్త నవ్వేసరికి నూబియాకి ఒళ్ళు మండింది. వెళ్ళి గుమ్మం పక్కన కుట్టుమిషను ముందు కూర్చుంది.

కాలీ నగరంలో రికార్డులు పోగుచేసేవాళ్ళందరికీ అర్సేసియో సెట్టు తెలుసు: పాత గాజు వాల్వుల ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు. శనివారాలు చంకలో రికార్డు పెట్టుకుని వినడానికి వచ్చేవాళ్ళు. సెట్టు చేతులు మారాలంటే వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. అమ్మేవాడూ కొనేవాడూ పక్కపక్కన కూర్చుని, కొనేవాడు తెచ్చిన రికార్డు ఒక వైపు పూర్తిగా వినాలి. మధ్యలో ఎవరూ నోరు విప్పకూడదు. అయ్యాక, ఏ గొంతు, ఏ వాద్యం గదిలో ఎక్కడ వినపడిందో అమ్మేవాడు చెప్పాలి. ధర మాట ఆ తర్వాతే. బస్సు నడిపే ఎర్నేయ్ తొంభై లక్షల పెసోలు కూడబెట్టుకుని, వినడానికి వస్తానని రెండుసార్లు కబురు పెట్టాడు. రెండుసార్లూ అర్సేసియో ఏదో వంక చెప్పి దాటేశాడు.

పోయినేడు జ్వరంలో అర్సేసియో ఎడమ చెవికి వినికిడి పోయింది. సగం వినడం కన్నా సెట్టు ఇంట్లో లేకపోవడమే నయమనుకున్నాడు. కానీ ఎర్నేయ్ పక్కన కూర్చుంటే చెవి సంగతి బయటపడుతుంది. కొట్టువాడైతే ఏమీ అడగడు. అందుకే ఫాబ్రిసియోని పిలిపించాడు.

ఫాబ్రిసియో ఇంట్లోదే ఒక రికార్డు పెట్టాడు, బొలేరో అనే నెమ్మది ప్రేమపాటలది.

నూబియా కాలు మిషను తొక్కుడు మీద ఆగిపోయింది. ఈ పాట ఎన్ని వందల గౌన్లు కుడుతూ విందో లెక్కలేదు. ఆ పాడే మనిషి గొంతు ఎప్పుడూ రెండు స్పీకర్ల మధ్య, గోడ గడియారం కింద నిలబడేది. పెద్ద తీగవాద్యం మోత నేలలోంచి ఆమె పాదాలకి తగిలేది. ఇవాళ నేల ఉలకలేదు. గొంతు గోడల వెంబడి చెదిరిపోయి, నిలవడానికి చోటు లేనట్టుంది.

"విన్నారుగా దోన్ అర్సేసియో? కింది స్థాయి మోత చచ్చిపోయింది. స్పీకర్లు అలిసిపోయాయి."

అర్సేసియో తల వంచుకున్నాడు. "అవును... పలచబడ్డట్టే ఉంది" అన్నాడు. అతనికి తన చెవుల మీదే నమ్మకం లేదు.

"మీ మీద గౌరవం కొద్దీ ముప్పై లక్షలిస్తాను. ఇంకెవరైనా అయితే పాత ఇనుముకి తూకం వేస్తారు."

నూబియా లేచింది. "పొద్దున బాగానే పాడిందే? మీరు వెనక్కి వెళ్ళొచ్చేలోపల అలిసిపోయిందా?"

"దోన్యా, ఇది మీకు అర్థమయ్యే..."

"జరగండి."

ఆంప్లిఫయరు కట్టేసి ఎడమ స్పీకరు వెనక్కి వంగి చూసింది. ప్రతి వారం తుడిచే చోటే. ఎర్ర తీగ నల్ల బిగింపులో ఉంది, నల్లది ఎర్రదాంట్లో ఉంది. అందుకే ఒక స్పీకరు ముందుకి తోసిన మోతని రెండోది వెనక్కి లాగేసింది. రెండూ విప్పి ఎక్కడివక్కడ బిగించింది. మళ్ళీ స్విచ్చి వేసింది. వాల్వులు ఎర్రబడ్డాక ముల్లు మళ్ళీ రికార్డు మీద పెట్టింది. ఫాబ్రిసియో గడ్డం గోక్కున్నాడు.

పాట మొదలైంది. నేల మోగింది. గొంతు వచ్చి గడియారం కింద నిలబడింది.

"చేతి పొరపాటు" అన్నాడు ఫాబ్రిసియో. "సరే, నలభై అనుకుందాం."

"పొరపాటా? ఎంతమంది ఇళ్ళల్లో చేశావు ఈ పొరపాటు? మొగుడు పోయినవాళ్ళ ఇళ్ళకి కూడా ఇలాగే వెళ్తావా? లే! కాఫీ కూడా తాగకుండా లే!"

"నా కొట్టుకి వచ్చి మీరే బతిమాలుకుంటారు" అంటూ అతను మెట్లు దిగాడు.

నూబియా భర్త వైపు తిరిగింది. "వాడు దొంగ, సరే. నీకేమైంది? నీ చెవి దాచడానికి సెట్టుని వాడి చేతిలో పోస్తావా? ఈ గదిలో నేనూ ఉన్నాగా, నన్నొక్క మాట అడిగావా?"

"ఎర్నేయ్ వస్తే ఏం చెప్పనే?"

"చెవి పోయిందని చెప్పు. మిగతాది నేను చెప్తా" అని ఫోను అందుకుంది.

ఆదివారం ఎర్నేయ్ రికార్డు పట్టుకొచ్చాడు. అర్సేసియో తన కుర్చీ దగ్గరికి వెళ్ళి, కూర్చోకుండా నిలబడ్డాడు. "ఎర్నేయ్, నా ఎడమ చెవి చచ్చిపోయింది. అమ్మేది ఇవాళ నూబియా."

ఎర్నేయ్ అతని వంకా ఆమె వంకా చూశాడు. పద్ధతి ప్రకారం నోరు విప్పకుండా కూర్చున్నాడు. నూబియా ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

రికార్డు ఆగాక చెప్పింది. "గొంతు గడియారం కింద ఉంది. గిటారు కుడివైపు, కిటికీకి ఇవతల. మూడో పాటలో గిటారాయన ఒకసారి దగ్గాడు."

"దగ్గాడా? ఇరవై ఏళ్ళుగా నా దగ్గరుంది ఈ రికార్డు!" ఎర్నేయ్ కుర్చీ అంచుకి జరిగాడు. "మళ్ళీ పెట్టండి దోన్యా, ఒక్కసారి."

"మళ్ళీ వినడం మీ ఇంట్లో" అంది నూబియా. "ముందు ధర మాట్లాడండి. నాతో."