మూడో బొత్తాం

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. తప్పులుంటే మన్నించండి. నా చేతిలో సూది పరిగెత్తినట్టు కలం పరిగెత్తదు, కాస్త ఓపిక పట్టండి.

నా మనవరాలు ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటోంది. పోయిన నెల వార్డులో కళ్ళు తిరిగి పడిపోయింది. ఇంకోసారి పడితే ఇంటికి పంపేస్తానని పెద్ద నర్సు తేల్చి చెప్పింది. అయినా మా పిల్ల తన కంచం పక్కకు నెట్టి, ఫోనులో వేరేవాళ్ళ కంచాలు చూస్తూ కూర్చుంటుంది. అందులో ఒక సన్నటి అమ్మాయి కూర్చున్నచోటు నుంచి లేవకుండా నలభై గుడ్లు లాగించేస్తుంది.

"ఏమే, చూస్తే కడుపు నిండుతుందా?" అన్నాను.

"నిండినట్టే ఉంటుంది అమ్మమ్మా. అంత తిని కూడా ఆవిడ ఎలా ఉందో చూడు. నేను రెండు ముద్దలు తింటే చాలు, ఉబ్బిపోతాను. నా ఒంట్లోనే ఏదో లోపం ఉంది."

"నీ ఒంటి సంగతి నన్నడుగు. రెండు నెలల్లో రెండుసార్లు నీ యూనిఫాం నడుము లోపలికి పట్టాను. ఇంకోసారి లోపలికి పట్టానంటే జేబులు రెండూ వెనక్కెళ్ళి కలుసుకుంటాయి."

అది వినలేదు. సరే, ఏముందో చూద్దామని నేనూ పక్కన చేరాను. కుట్టుపని చేసినవాళ్ళ కళ్ళు గుడ్ల మీద నిలుస్తాయా? చొక్కా మీదికి పోయాయి.

"ఆగాగు! వెనక్కి తిప్పు."

"నీక్కూడా పిచ్చి పట్టిందా అమ్మమ్మా?"

"తిప్పవే! చూడు, పదో గుడ్డు దగ్గర మూడో బొత్తాం తెల్లదారంతో ఉంది. ఇరవయ్యో గుడ్డుకి నల్లదారం. గుడ్డు నోట్లో పెట్టుకుని బొత్తాం ఎప్పుడు కుట్టుకుందే ఈ మహాతల్లి?"

మనవరాలు ముఖం తెరకు ఆనించినంత పని చేసింది. ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది.

"అంటే... ఒక్క పూటలో తిన్నది కాదన్నమాట," అంది మెల్లగా.

"పూటో, వారమో! మింగిందో, పక్కన ఉమ్మిందో!"

పిల్ల పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఇన్నాళ్ళూ ఈవిడతోనా నేను పోల్చుకున్నది?"

"పోల్చుకుంటే పోనీలే. ఆవిడ వంతు పస్తు కూడా నువ్వే ఉన్నావు కదే!"

రెండు గుడ్లు ఉడకబెట్టాను. ఫోను నా కుట్టుపెట్టెలో పెట్టి తింది. రెండోది సగం వదిలేసింది.

ఇప్పటికీ ఆ వీడియోలు చూస్తుంది. కాకపోతే ఇద్దరం కలిసి బొత్తాలు వెతుకుతాం. మధ్యాహ్నం డబ్బా కొన్నిరోజులు సగంతో, చాలారోజులు ఖాళీగా ఇంటికి వస్తోంది. వార్డులో మళ్ళీ పడలేదు.

నిన్న, "అమ్మమ్మా, నడుము దగ్గర బిగుతైపోయింది!" అని విసుక్కుంటూ యూనిఫాం నా ఒళ్ళో పడేసింది.

కుట్లు విప్పాను. లోపలికి మడిచిన గుడ్డ అంతా అలాగే ఉంది. రెండుసార్లు పట్టినా, ఒక్క పోగు కూడా నేను కత్తిరించలేదు.

ఇట్లు, అందరూ సూదమ్మ అని పిలిచే నేను. వయసు అరవై ఏడు. ఉండేది కూతురింట్లో, కిటికీ పక్కన, మిషను ముందు.