అవతలి సగం

వెర్లీన్ పోయాక ఆర్డిస్‌కి మొట్టమొదట తెలిసొచ్చిన సంగతి, బొంత చట్రం ఒక్క మనిషి చేతుల్లో తిరగదని.

చర్చి నేలమాళిగలో ఉంటుంది ఆ చట్రం. రెండు పొడుగాటి కర్రలు, వాటి మధ్య బిగించి కట్టిన గుడ్డ. ఇటు ఒకరు, అటు ఒకరు కూర్చుని మధ్య దాకా కుట్టుకొస్తారు. చేయి అందినంత మేరా అయిపోయాక, రెండు వైపులా ఒకేసారి బిగింపులు వదులు చేసి కర్రలు తిప్పితే కొత్త గుడ్డ ముందుకొస్తుంది. ఆర్డిస్ ఇటు వదులు చేసి అటు వెళ్ళింది. ఆమె అటు చేరేలోపు ఇటువైపు జారిపోయింది. వెనక్కొచ్చి ఇది సర్దితే అది జారింది. చివరికి గుడ్డ ఐమూలగా సాగి, గళ్ళన్నీ వంకర తిరిగాయి. బడి వంటశాలలో ముప్పై ఏళ్ళు గంగాళాలు ఎత్తి దించిన మనిషి, ఒక గుడ్డ ముందు ఓడిపోయి కుర్చీలో కూలబడింది. ఏడవలేదు. అమెరికాలో ఆ నెబ్రాస్కా వైపు జనం దుఃఖం వస్తే ఏడవరు, వాన గురించీ గాలి గురించీ మాట్లాడతారు. మాట్లాడటానికి ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి ఆర్డిస్ అదీ చేయలేదు.

ఒకప్పుడు ఆ చట్రం చుట్టూ ఎనిమిదిమంది కూర్చునేవారు. బుధవారం బొంతలవాళ్ళని వాళ్ళకి పేరు. కాఫీ కాగుతూ ఉండేది, ఊళ్ళో ఎవరి గుట్టూ ఆ చట్రం దగ్గర దాగేది కాదు. ఎవరి కుర్చీ వాళ్ళదే. ఆర్డిస్‌ది మెట్ల వైపు, వెర్లీన్‌ది ఆమెకి సరిగ్గా ఎదురుగా, కిటికీ వైపు. వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. బొంతలు కుట్టే ఆడది ఎవరైనా సరే, గుడ్డముక్కలు అతికి పెట్టుకున్న పైగుడ్డ ఒకటైనా బొంతగా కుట్టకుండా మిగిల్చే పోతుంది. పోయినావిడ పైగుడ్డని మిగిలినవాళ్ళు చట్రానికెక్కించి, దూది పొర వేసి, ఎవరి కుర్చీల్లో వాళ్ళు కూర్చుని కుట్టి పూర్తిచేస్తారు. నవంబరులో సకల పరిశుద్ధుల ఆదివారం నాడు ఆ ఏడు పోయినవాళ్ళ పేర్లు చదివి గంట కొడతారు కదా, అప్పుడు ఆవిడ ఎప్పుడూ కూర్చునే బెంచీ మీద ఆ బొంత పరుస్తారు. తర్వాత ఇంటివాళ్ళు పట్టుకుపోతారు.

అలా ఒకరికొకరు కుట్టుకుంటూ వచ్చారు. ఎనిమిదిమంది ఇద్దరయ్యారు. ఆ వేసవిలో వెర్లీన్ కూడా తోటలో టమాటాలు కోస్తూ కోస్తూ పడిపోయింది. ఇప్పుడు వెర్లీన్ పైగుడ్డ ఉంది, కుట్టడానికి ఆర్డిస్ ఉంది. ఆర్డిస్ బీరువాలో కూడా ఒక పైగుడ్డ ఉంది. దాన్ని ఎవరు కుడతారన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె లేచి పొయ్యి తుడుస్తుంది. ఆ శరదృతువులో ఆ పొయ్యి అద్దంలా మెరిసింది.

పాస్టరమ్మ మంచి పిల్ల. తాను ఎదురుగా కూర్చుంటానంది. ఆ పిల్ల జన్మలో సూది పట్టుకోలేదు. ఆర్డిస్ "చూద్దాం" అంది. అక్కడ చూద్దాం అంటే వద్దని అర్థం. పాస్టరమ్మకీ తెలుసు, ఆవిడా అక్కడే పుట్టింది.

ఆర్డిస్ పెళ్ళి చేసుకోలేదు. ఉన్నదల్లా అన్న కూతురు జోలీన్. కియర్నీ పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. రోజంతా నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళతో మాట్లాడే అలవాటు వల్ల ఎదుటివాళ్ళు జవాబిస్తారని ఆశించదు. పైగుడ్డని ఎవరికైనా ఇచ్చి కుట్టించెయ్యమని మొదట పోరింది. వెర్లీన్ గుడ్డని పరాయి చేతికివ్వనని ఆర్డిస్ మొండికేసింది. అయితే లాంగార్మ్ మిషను కొనుక్కో అని చెవిలో ఇల్లు కట్టుకుంది జోలీన్. పొడుగాటి చేయి ఉన్న కుట్టుమిషను, పట్టాల మీద అటూ ఇటూ దొర్లుతుంది, గుడ్డ కదలదు, మిషనే కదులుతుంది. ఈ కాలంలో బొంతలన్నీ దాని మీదే కుడుతున్నారు. ఆ నవంబరు ఆదివారం ఇంక నాలుగు వారాల్లోకి వచ్చేసరికి ఆర్డిస్ సరేనంది. మనసొప్పి కాదు, దిక్కుతోచక.

అక్టోబరు నెల. దారి పొడుగునా మొక్కజొన్న కోతలు, గాలినిండా పొట్టు. దుకాణం హైవే పక్కన, ఒకప్పటి కిరాణా కొట్టు భవనంలో ఉంది. ట్రూడీ అని ఒక బొద్దుపాటి ఆవిడ, మెడలో కొలతల టేపు వేసుకుని ఎదురొచ్చింది. మంచి మనిషే, కాకపోతే ఆవిడ పని అమ్మడం.

ముందుగా పెద్ద మిషను దగ్గరికి తీసుకెళ్ళింది. దానికి కంప్యూటరు ఉంది. బొమ్మ ఎంచి మీట నొక్కితే అదే కుట్టుకుపోతుంది. కుట్టు కుట్టుకీ వెంట్రుకవాసి తేడా ఉండదు. మనం వెళ్ళి కాఫీ తాగి రావచ్చు. జోలీన్ ముఖం వెలిగిపోయింది. ఆర్డిస్ ఆ మిషను తనంతట తాను గులాబీలు కుట్టుకుపోతుంటే కాసేపు చూసింది.

"కొత్తగా ఉందే" అంది.

అంటే నచ్చలేదని. ట్రూడీ నొచ్చుకోకుండా రెండోదాని దగ్గరికి నడిచింది. అది బల్లకి బిగించిన మిషను, కుర్చీలో కూర్చుని గుడ్డనే అటూ ఇటూ తిప్పుకోవాలి. చిన్న ఇళ్ళకి బాగుంటుందనీ, సాయం ఎవరూ అక్కర్లేదనీ, అంతా ఒక్కరే చేసుకోవచ్చనీ చెప్పింది. ఒక్కరే అన్న మాట ట్రూడీ నోట ఆ పొద్దుటి నుంచి అది ఎన్నోసారో. ప్రతి మిషనుకీ అదే పెద్ద గొప్ప. ఒక్కరే ఎక్కించవచ్చు, ఒక్కరే తిప్పవచ్చు, ఒక్కరే దించవచ్చు. ఇన్ని తెలివితేటలున్న మనుషులు, ఆడవాళ్ళు ఒక్కరే ఉండటానికి ఎంత సదుపాయం చేసి పెట్టారో అనుకుంది ఆర్డిస్. ఆమెకి చెప్పలేనంత బెంగ పుట్టింది. ఇంటికి పోదామని జోలీన్ వైపు తిరిగింది కూడా.

అప్పుడు కనబడింది మూడోది, గోడవారగా. ఎవరో ఇంకా పెద్దది కొనుక్కుని దీన్ని ఇచ్చేసి పోయారు. కంప్యూటరు లేదు. పిడులు పట్టుకుని మనిషే నడపాలి. కుట్టు పొడుగుని మాత్రం ఒక మర చూసుకుంటుంది, చేయి తొందరపడినా నెమ్మదించినా కుట్లు ఒకే తీరున పడేలా. పాతదని జోలీన్ మూతి విరిచింది. ట్రూడీ మాత్రం ఆర్డిస్ కళ్ళు చూసింది. తెల్లగుడ్డ మీద దారం సర్ది, పిడులు ఆమె చేతికిచ్చింది.

ఆర్డిస్ మిషను నడిపింది. మొదట గాడి తప్పింది, మెల్లిగా చేతికి దారి దొరికింది. ఏం కుడుతున్నానని ఆలోచించలేదు, చేతులు వాటికి తెలిసిన విసనకర్ర వంపులు గీశాయి. బుధవారాల్లో కుట్టే వంపులే. ఒకదాని వెనక ఒకటి, దూరం దూరం జరుగుతూ, గుడ్డ మధ్యకి వచ్చాయి. మిషను ఆగింది.

ఆర్డిస్ అలాగే నిలబడింది. పిడులు వదల్లేదు, ముందుకు తొయ్యలేదు. సూది గుడ్డలో దిగి ఉంది.

దారం తెగిందేమోనని ట్రూడీ వంగి చూసింది. తెగలేదు. చక్రం పట్టేసిందేమోనని పట్టా తడిమింది. అంతా బాగానే ఉంది. గుడ్డ అవతలి సగం ఖాళీగా, తెల్లగా ఉంది.

"ఏమైందత్తా? ఇంకా బోలెడు గుడ్డ ఉందిగా, పోనీ ముందుకి" అంది జోలీన్.

అప్పుడు గానీ ఆర్డిస్‌కి తాను ఎదురుచూస్తున్నానని తెలియలేదు. మధ్య గీత దగ్గర సూది ఆపి, అవతల నుంచి వెర్లీన్ కుట్టుకుంటూ వచ్చి కలిసేదాకా ఆగడం ముప్పై ఏళ్ళ అలవాటు. ముఖం చెవుల దాకా ఎర్రబడింది.

"అవతలి సగం నాది కాదు" అంది మెల్లిగా.

జోలీన్ ఏదో అనబోయి, ఆ తెల్లటి సగం వైపు తిరిగి చూసింది. ట్రూడీ వెనక్కి తగ్గి మెడలో టేపు సవరించుకుంది. ఆవిడ అమ్మ కూడా ఏదో ఒక నేలమాళిగలో బొంతలు కుట్టే ఉంటుంది.

ఆర్డిస్ మెడ చాచి చూసి, మిషను అవతలి వైపు కూడా పిడులున్నాయే, అవెందుకని అడిగింది. కాగితం మీది బొమ్మని చూసి గీసేవాళ్ళు వెనక నిలబడి నడుపుతారనీ, చేతికి వచ్చినట్టు కుట్టేవాళ్ళకి అవి అవసరం లేదనీ, కావాలంటే విప్పేసి ఇస్తాననీ చెప్పింది ట్రూడీ.

"విప్పొద్దు" అంది ఆర్డిస్. "కుట్టు పెద్దది చెయ్యొచ్చా?" అని అడిగింది.

"ఎంత పెద్దది కావాలి మీకు?"

ఆర్డిస్ బొటనవేలూ చూపుడువేలూ ఎడం చేసి చూపించింది. ట్రూడీకి నవ్వొచ్చింది. "ఇన్నేళ్ళలో అందరూ చిన్న కుట్టే అడిగారమ్మా నన్ను. ఈ మాట అడిగింది మీరొక్కరే. వస్తుందిలెండి, ఇదిగో, ఈ మర తిప్పితే చాలు. ఆ కంప్యూటరుదానికైతే ముందే అన్నీ చెప్పి పెట్టాలి, నడి మధ్యలో మనసు మార్చుకుంటానంటే అలుగుతుంది."

వెర్లీన్ కుట్లు పెద్దవి. ఎంత పెద్దవంటే, బొంతలవాళ్ళు వాటిని చూసి కళ్ళు మూసుకునేవారు. ఆర్డిస్ ఊరుకునేది కాదు. "ఇవి కుట్లటే, కాలి గోళ్ళకి పన్నిన వలలా?" అనేది. వెర్లీన్ తలెత్తకుండా సూది లాగుతూనే జవాబిచ్చేది. "చిక్కుకోనీవే. చలికాలం గోరు చిక్కినప్పుడల్లా ఇది ఆ వెర్లీన్ పనేనని తిట్టుకుంటారు. తిట్టుకోవడమైనా తలుచుకోవడమేగా." అందరికీ తెలిసిన మాటే, ప్రతి బొంతకీ ఒకసారైనా అనుకునేవారు, ప్రతిసారీ నవ్వేవారు.

గోడవారగా ఉన్న ఆ మిషనే ఇంటికొచ్చింది. పట్టాలు పన్నెండు అడుగులు. హాలులో సోఫా పోయింది, తినే బల్ల పోయింది. బల్ల మోసుకెళ్ళడానికొచ్చిన జోలీన్ గుమ్మంలో ఆగి, ఇంక ఎక్కడ తింటావత్తా అంది. నిలబడి తింటానంది ఆర్డిస్. ఆ బల్ల దగ్గర ఆమెకి ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఈ మధ్యకాలంలో లేరు, అది పోయినందుకు ఆమెకేం బాధ కలగలేదు.

వెర్లీన్ పైగుడ్డ ఎక్కించింది. ట్రూడీ చెప్పినట్టే ఒక్కతే ఎక్కించగలిగింది, అది మాత్రం గుండెలో కలుక్కుమంది. మెట్ల వైపు అనుకుని వీధి గుమ్మం వైపు నిలబడి, చిన్న కుట్టుకి మర తిప్పి, మధ్య దాకా కుట్టింది. ఆపింది. పిడులు వదిలేసి, గోడకీ చట్రానికీ మధ్య ఉన్న సందులో పక్కకి తిరిగి దూరి, కిటికీ వైపుకి వెళ్ళింది. మర పెద్ద కుట్టుకి తిప్పింది. వెనక పిడులు పట్టుకుని అటునుంచి మధ్య దాకా కుట్టుకొచ్చింది. కర్రలు తిప్పింది. మళ్ళీ ఇటు. మళ్ళీ అటు. ఎవరైనా చూస్తే మతి పోయిందనుకునేవారు. చూసేవాళ్ళు ఎవరూ లేరు, ఆ వెసులుబాటు ఒకటి ఉంది ఒంటరితనంలో.

కిటికీ వైపు నిలబడ్డ మొదటిసారి ఆమె తన చోటు చూసింది. ఇన్నేళ్ళూ వెర్లీన్‌కి కనిపించింది ఇదే కదా అనుకుంది. ఖాళీ కుర్చీ కూడా లేదు అక్కడ. "ఏమే" అంది అటు చూసి. గొంతు వింతగా వినబడి, మళ్ళీ అనలేదు.

ఆదివారానికి ముందురోజు మధ్యాహ్నం అంచు కూడా కుట్టేసింది. ఒక పట్టీ చిన్న కుట్లు, ఒక పట్టీ పెద్ద కుట్లు. మర్నాడు బెంచీ మీద పరిచాక అది వెర్లీన్ తమ్ముడి ఇంటికి, అయోవాకి వెళ్ళిపోతుంది. మడత పెట్టబోయి, ఆగి, తన మంచం మీద పరిచింది. పట్టపగలు, బూట్లు విప్పింది, మేజోళ్ళు కూడా విప్పింది. ఎవరైనా వస్తే ఏం చెప్పాలో తెలియదు, వచ్చేవాళ్ళెవరూ లేరు. బొంత కింద దూరి, చల్లటి కాళ్ళు చాపి, మెల్లిగా పక్కకి జరిపింది. మొదటి పట్టీ నున్నగా ఉంది. అది తన పనితనం. ఇంకొంచెం జరిపింది.

బొటనవేలి గోరు చిక్కుకుంది.

"నీ చేతులు పడిపోను, వెర్లీన్" అని గట్టిగా తిట్టింది ఆర్డిస్. ఎప్పుడూ ఏడవని ఆ మనిషికి కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోయాయి. కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.