పంటకూ పంటకూ మధ్య

వాన కాదు.

పురుగులిల్లు నిండా పట్టుపురుగులు ఆకు కొరుకుతున్న చప్పుడు. సన్నగా, ఎడతెగకుండా.

అంబిక ఆ చప్పుడు పక్కనే మంచం వేసుకుంటుంది.

అది అత్త మునిరత్నమ్మ పెట్టిన కట్టుబాటు. పురుగులు చూసే మనిషి శుద్ధంగా ఉండాలి. పట్టుగూళ్ళు చింతామణి మార్కెట్టుకు పోయేదాకా మొగుడి పక్కన చేరకూడదు.

కోడలికి కష్టమని ఊరు అనుకుంటుంది.

అంబికకు అదే నీడ.

ఒక పంట అమ్ముడుపోతే ఇంకో పంట... మళ్ళీ ఇంకో పంట.

"మీ కోడలు పురుగుల్నే పెండ్లి చేసుకున్నట్లుండాది గదమ్మా," అని పక్కింటి హనుమక్క నవ్వింది.

"కోడలంటే అట్లుండాల," అంది మునిరత్నమ్మ.

పంటకూ పంటకూ మధ్య పది రోజులు. పురుగులిల్లు కడిగి, రోగం అంటకుండా మందు చల్లి, గాలికి వదిలేసే పది రోజులు.

ఆ పది రోజులు ఆమె దేవరాజ్ పక్కన పడుకోవాలి.

దేవరాజ్ చెడ్డ మొగుడు కాడు. అదే కష్టం. చెడ్డవాడైతే తప్పు అతని మీద వేసి నిద్రపోయేది.

అతను దగ్గరికి తీసుకుంటాడు. ఆమె ఒళ్ళు పలకదు. రాయి కాదు... రాయైనా ఎండకు వేడెక్కుతుంది.

నటిస్తుంది. చిన్న కూతురు పుట్టినప్పటి నుంచి, ఏడేళ్ళుగా. ఎప్పుడు కళ్ళు మూసుకోవాలో, ఎప్పుడు చిన్నగా నవ్వాలో ఆమెకు తెలుసు. ఎంత బాగా తెలుసంటే, తనంటే తనకే భయం.

ఈసారి పది రోజులు ఆగలేకపోయింది. మందు చల్లడం అయిపోయిందని అత్తతో అబద్ధం చెప్పి, నాలుగో రోజే పిల్లపురుగులు తెప్పించింది.

గూడు కట్టే వేళకు పురుగుల ఒళ్ళు ఉబ్బింది. చర్మం పగిలి పాలలాంటి నీరు కారింది.

ఒక్కటీ మిగల్లేదు.

దేవరాజ్ గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాడు. అప్పుడు అడిగాడు.

"ఏం తొందర వచ్చె నీకి? దుడ్డు తెమ్మని నేనేమన్నా అడిగితినా?"

డబ్బాశ అనుకున్నాడు. ఆమె అనుకోనిచ్చింది.

నడుము నొప్పి అని చెప్పి చింతామణి వెళ్ళింది. డాక్టర్ గార్గి నడుము చూసింది. తర్వాత కలం పక్కన పెట్టింది.

"ఇంట్లో మీరిద్దరూ ఎట్లుండారమ్మా? మీకు కావాలనిపిస్తుందా?"

మీకు.

తన వైపు తిరిగిన ప్రశ్న... అంబిక ఏడవలేదు. మెడలో గొలుసును వేలికి చుట్టుకుంది. తర్వాత చెప్పింది. ఒక్కో మాటా.

కలిసినప్పుడు నొప్పి ఉందా అని డాక్టరమ్మ అడిగింది. నిద్ర గురించి అడిగింది. కాన్పు తర్వాత దిగులుకు రాసిన మాత్రలు ఇంకా వేసుకుంటోందా అని అడిగింది. రక్తపరీక్ష రాసింది.

"దీనికి ఒకటే కారణం ఉండదు. ఆ మాత్రలతో కొందరికి కోరిక తగ్గుతుంది. మీరుగా ఆపొద్దు, రాసినాయనతో నేను మాట్లాడతా. నొప్పికి మందుంది." చీటీ చేతిలో పెట్టింది. "నటనకు మాత్రం నా దగ్గర మందు లేదమ్మా. ఈసారి మీ ఆయన్ను పిల్చుకొని రండి."

రమ్మనాలంటే చెప్పాలి. ఇవాళ్టిది చెబితే ఏడేళ్ళదీ చెప్పినట్టే.

బస్సు కిటికీలో మల్బరీ తోటలు... తోటలు. చెప్పకపోతే నొప్పి తనది. చెబితే అతనిది. ఎవరికీ నొప్పి లేని మాట కోసం ఊరు వచ్చేదాకా వెతికింది.

దొరకలేదు.

ఖాళీ పురుగులింట్లో దేవరాజ్ తట్టలు కడుగుతున్నాడు.

"దుడ్డుకోసరం కాదు," అంది. "నీ పక్కకు రాకుండా ఉండేదానికి తెచ్చినా పురుగుల్ని."

అతని చెయ్యి ఆగింది. నీళ్ళు గడప దాటి పోతున్నాయి.

"నేనంటే అసయ్యమా?"

"కాదు. అసయ్యమూ లేదు, ఆశా లేదు. చిన్నది పుట్టినప్పట్నుంచీ అంతే."

"మరి అన్ని దినాలూ నువ్వు..."

"నీకోసరం. ఊరికే నటిస్తి."

అతను మనసులో వెనక్కి వెళ్తున్నాడు. ఒక్కో రాత్రినీ తాకి చూస్తున్నాడు. ఇది నిజమా... ఇది? అతని ముఖంలో ఆమెకు కనిపిస్తోంది.

తట్ట కింద పెట్టి అడిగాడు.

"నొప్పి... ఉండెనా?"

"ఉండె."

తడి చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. ఆమె వైపు సగం చాపి, ఆపాడు.

తాకొచ్చో లేదో అతనికి తెలియలేదు. ఏడేళ్ళలో మొదటిసారి.

ఖాళీ ఇంట్లో రెండు ఊపిరుల చప్పుడు. సన్నగా.

చెయ్యి అక్కడే ఉంది. ఆమె దానినే చూస్తోంది. దగ్గరికి జరగకుండా... దూరం జరగకుండా.