విశ్రాంతి దాకా

కూర్మన్నపాలెం నుంచి వచ్చే మా కళల పక్షపత్రికలో బొమ్మల పేజీ ఎవరూ చూడరు. కవితల పేజీలో ఏ కవి కవిత ఆ కవే చదువుకుంటాడు. జనం చదివేది చివరి పేజీలో అర్జునరావు రాసే నాటక సమీక్ష ఒక్కటే.

అర్జునరావు స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటర్. సాయంత్రం నాటకాలు చూడాలని పదహారేళ్లు రాత్రి షిఫ్టే అడిగి చేశాడు. అందువల్ల విశ్రాంతి గంట కొట్టగానే లేచి ప్లాంటు బస్సెక్కేవాడు. చూసిన సగానికే సమీక్ష రాసేవాడు. ఆ సంగతి ఎక్కడా అచ్చువేయని సంపాదకుణ్ణి నేనే.

మొన్న రిటైరయ్యాడు. మొదటిసారి విశ్రాంతి తర్వాత కూడా కూర్చున్నాడు. తెర లేవలేదు. జనం అలవాటుగా ఇళ్లకు వెళ్లిపోయారు. అర్జునరావు తెర వెనక్కి వెళ్తే, రాణి వేషం కట్టిన సూర్యకళ మొహం రంగు తుడుచుకుంటోంది.

“ఏటండీ, డ్యూటీకి ఎల్నేదా?” అంది.

“రిటైరైపోనాను. మిగతా నాటకం ఏదమ్మా?”

“ఆ సగం గురించి మీరెప్పుడూ రాయనేదు కదండీ. మేం ఆడ్డం మానేసి ఏడేళ్లయింది.”

ఆ పక్షం ఆయన సమీక్ష పంపలేదు. చివరి పేజీలో నా కవిత వేసుకున్నాను.